ఇష్టానికి ఎన్ని మాటలు?

(సాహిత్య సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న మిత్రులకు, వెనక వరసల్లో నిలబడి భోజనాల వైపు చూస్తున్న పిల్లలకు కూడా నమస్కారం.

నేను షార్జాలో ఉంటాను. ఉద్యోగం దుబాయిలో. సొంత ఊరు తణుకు దగ్గర ఒక పల్లెటూరు. చదివింది ఇంజనీరింగు, చేసేది సాఫ్ట్‌వేర్ పని. భాషాశాస్త్రం చదువుకోలేదు, కవిత్వం రాయను. అలాంటివాడికి సాహిత్య సభలో ఇరవై నిమిషాలు ఎందుకిచ్చారని మీకు అనుమానం రావచ్చు, నాకూ వచ్చింది. నిర్వాహకులని అడిగితే, "గల్ఫ్ నుంచి వస్తున్నారు కదండీ, అక్కడి తెలుగు సంగతులు ఏవైనా చెప్పండి" అన్నారు. కాబట్టి నాకు బాగా తెలిసిన ఒక చిన్న సంగతి చెప్తాను. అది ఇష్టం అనే మాట గురించి. దాని చుట్టాల గురించి కూడా.

ఈ ఆలోచన ఆఫీసు పనిలో మొదలైంది. ఒక మొబైల్ యాప్‌ని పది పన్నెండు భాషల్లోకి తేవాల్సి వచ్చింది. ఇలాంటి పనిలో తెర మీద కనిపించే మాటలన్నిటినీ ఒక పెద్ద పట్టికలో పెడతారు. ఎడమవైపు ఇంగ్లీషు మాట, పక్కన ఒక్కో భాషకి ఒక్కో గడి. ఎవరి భాష గడి వాళ్ళు నింపాలి. తెలుగు గడులు నా వంతుకి వచ్చాయి. లైక్, లవ్, ఫాండ్, డియర్, కేర్, ఫేవరెట్ అని వరసగా ఆరు మాటలు ఒకచోట ఉన్నాయి. అరగంట పని అనుకున్నాం అందరం.

మాతో పాటు లిథువేనియా దేశపు సహోద్యోగిని ఒకామె ఉంది. యూరప్‌లో బాల్టిక్ సముద్రం పక్కన ఉన్న చిన్న దేశం అది. మొత్తం జనాభా ముప్ఫై లక్షల లోపే. మన దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 2011 జనాభా లెక్కల్లోనే 8 కోట్ల 11 లక్షలు. అయినా తన భాషలో ఒక్క మాట అటూ ఇటూ అయితే ఆమె ఊరుకోదు. లైక్ అన్న మొదటి గడి దగ్గరే ఆగిపోయి, "ఎవరికి నచ్చింది, ఒక్కసారి నచ్చిందా, ఎప్పుడూ ఇష్టమా, ఇది తేల్చకుండా నేను రాయలేను" అంది.

వాళ్ళకి లైక్‌కి రెండు మాటలు ఉన్నాయట. ఒకటి 'పతిక్తి'. ఒక పుస్తకం చదివారు, బాగుందనిపించింది, అప్పుడు 'మన్ పతింక' అంటారు. 'మన్' అంటే 'నాకు'. రెండోది 'మేగ్తి'. పుస్తకాలు చదవడమంటే ఎప్పుడూ ఉండే ఇష్టానికి అది వాడతారు. వినగానే నాకు నవ్వొచ్చింది. మనకీ అంతే కదా! "సినిమా నచ్చింది" అంటే నిన్న రాత్రి చూసిన సినిమా సంగతి. "సినిమాలంటే ఇష్టం" అంటే మనిషి సంగతి. సినిమాలంటే ఇష్టం ఉన్నవాడికి నిన్నటి సినిమా నచ్చకపోవచ్చు. పెళ్ళిచూపుల్లో అమ్మాయి "నచ్చాడు" అంటుంది. "ఇష్టం" అనడానికి ఇంకా కొంతకాలం పడుతుంది. ఇంగ్లీషు రెండింటినీ లైక్ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటుంది.

ఇంకో పోలిక కూడా కనిపించింది. వాళ్ళు 'మన్ పతింక' అన్నట్టే మనమూ 'నాకు నచ్చింది' అంటాం. 'నేను' అనం. ఆకలి నాకు వేస్తుంది, చలి నాకు పెడుతుంది, అమ్మ నాకు గుర్తొస్తుంది, పాట నాకు నచ్చుతుంది. ఇవన్నీ మనం చేసే పనులు కావు, మనకి జరిగేవి. వచ్చి తలుపు తట్టే చుట్టాల్లాంటివి. ఇంగ్లీషులో మాత్రం 'ఐ లైక్' అని మనిషే ముందు నిలబడతాడు. ఒకప్పుడు ఇంగ్లీషు కూడా అలా ఉండేది కాదు. పాత ఇంగ్లీషులో 'మి లైకెత్' అనేవారు, అంటే 'నాకు నచ్చుతుంది' అనే. ఆ వాడుక జాడలు షేక్‌స్పియర్ నాటకాల్లో కూడా ఉన్నాయి. తరవాత తరవాత 'నాకు' పోయి 'నేను' వచ్చి కూర్చుంది.

మా అరబిక్ గడి నింపే మిత్రుడు 'అఅజబని' అని రాశాడు. ఫేస్‌బుక్ అరబిక్ తెర మీద లైక్‌కి ఉండే మాట అదే. అర్థం అడిగితే "అది నన్ను అబ్బురపరిచింది" అన్నాడు. మన హిందీ పాటల్లో వినిపించే 'అజబ్', 'అజీబ్' ఆ మాటకి చుట్టాలే. చూడండి, బాల్టిక్ ఒడ్డున, ఎడారి ఒడ్డున, గోదావరి ఒడ్డున నచ్చడం అనేది మనిషి దగ్గరికి బయటి నుంచి వచ్చేదే.

ఇక ఫాండ్. ఈ మాటకి ఇంగ్లీషులో మొదటి అర్థం వేరు. వెర్రివాడు, తెలివితక్కువవాడు అని. క్రమంగా 'వెర్రిగా ఇష్టపడేవాడు' అయి, చివరికి వెర్రి పోయి ఇష్టం మిగిలింది. మనం అంత దూరం వెళ్ళలేదు, రెండింటినీ ఉంచుకున్నాం. "వాడికి క్రికెట్ పిచ్చి" అంటాం. పిల్ల పడి మోకాలు కొట్టుకుంటే దగ్గరికి తీసుకుని "పిచ్చితల్లీ" అంటాం. "వెర్రినాన్నా" అంటాం. దీన్ని ఇంగ్లీషులోకి మక్కికి మక్కి మారిస్తే పోలీసులు వస్తారు. ముద్దుకి తిట్టు ఇంత దగ్గర ఎందుకుందో ఆలోచించండి. దిష్టి తగులుతుందేమోనన్న భయం కూడా అందులో ఉండొచ్చు.

లవ్ అన్న మాట దగ్గరికి వస్తే ఇంకో వింత. ఇంగ్లీషు లవ్‌కీ, మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న 'లోభం'కీ మూలధాతువు ఒకటేనని భాషాశాస్త్రవేత్తలు చెప్తారు. అక్కడ ప్రేమ అయింది, ఇక్కడ పిసినారితనం అయింది. అలాగే మన 'ప్రియం', 'ప్రీతి', 'ప్రేమ'లకి చుట్టం ఇంగ్లీషులో ఎవరంటే, ఫ్రెండ్. ఇంకా చిత్రం, ఫ్రైడే. ఫ్రిగ్ అనే పాత దేవత పేరు మీద ఆ వారం వచ్చింది, ఆ దేవత పేరుకి మూలం ప్రియం అన్న ధాతువే. యూఏఈలో ఎన్నో ఏళ్ళు ఉన్నవాళ్ళకి ఈ మాట వెంటనే ఎక్కుతుంది. 2021 చివరిదాకా మాకు వారానికి సెలవంటే ముందు గుర్తొచ్చేది శుక్రవారమే. 2022 జనవరి నుంచి ప్రభుత్వ ఆఫీసులకి శుక్రవారం సగం రోజు, శని ఆదివారాలు సెలవు అయ్యాయి. కానీ అంతకుముందు ఎన్నో ఏళ్ళు గల్ఫ్ తెలుగువాడు ఇంటికి ఫోన్ చేసే రోజు శుక్రవారమే. అది ప్రియమైన వారమని మాకు ఏ నిఘంటువూ చూడకుండానే తెలుసు.

ఇప్పుడు డియర్. ఇంగ్లీషులో ఈ మాటకి రెండు అర్థాలు, ఇష్టమైనది, ఖరీదైనది. లిథువేనియా ఆమె తన గడిలో 'బ్రంగుస్' అని రాసి, "మా మాటకి కూడా రెండు అర్థాలు, ఖరీదు అని కూడా వస్తుంది, పర్వాలేదా" అని అడిగింది. అరబిక్ మిత్రుడు 'ఘాలీ' అని రాసి అదే అడిగాడు. దుబాయి దేరా బజారులో బేరం ఆడేటప్పుడు "ఘాలీ, ఘాలీ" అంటే ధర ఎక్కువ చెప్తున్నావని. అదే మనిషి స్నేహితుడు ఎదురైతే "యల్ ఘాలీ" అని కౌగిలించుకుంటాడు. నేను నా గడిలో 'ప్రియమైన' అని రాశాను. మా అమ్మ "ఉల్లిపాయలు ప్రియమైపోయాయిరా" అనేది గుర్తొచ్చింది. నాలుగు భాషలు, అందులో మనది వేరే కుటుంబం, అరబిక్ మరో కుటుంబం. ఎవరూ ఎవర్నీ చూసి రాయలేదు. ఇష్టమైనదానికి ధర చెల్లించాలన్న సంగతి మాత్రం అందరికీ తెలిసినట్టుంది.

గల్ఫ్‌లో ఆ ధరని నిమిషాల్లో లెక్కపెట్టిన రోజులు ఉన్నాయి. నేను వెళ్ళిన కొత్తలో ఫోన్ కార్డు కొని, వెనక గీకి, అంకెలు నొక్కి ఇంటికి మాట్లాడేవాళ్ళం. మధ్యలో ఒకామె గొంతు "ఇంకా రెండు నిమిషాలు" అని చెప్పేది. ఆ రెండు నిమిషాల్లో ఎవరూ "నువ్వంటే నాకు ప్రేమ" అని చెప్పుకోగా నేను వినలేదు. "డబ్బులు అందాయా, నాన్న మందులు వేసుకుంటున్నాడా, చిన్నోడి జ్వరం తగ్గిందా, పెట్టేస్తున్నా" అంతే. పక్క బూత్‌లో ఫిలిప్పీన్స్ అమ్మాయి 'ఐ లవ్ యూ' అని మూడుసార్లు చెప్పి ముద్దులు పెట్టి ఫోన్ పెట్టేది. మనవాళ్ళలో కొంతమంది అప్పుడు అనేవాళ్ళు, "చూడండీ, మనకి ప్రేమ చూపించడం రాదు" అని. ఇప్పుడు మన పిల్లలు కూడా అదే అంటున్నారు.

నాకు ఈ మాట మీద కొంచెం అభ్యంతరం ఉంది. అసలు నేను ఇవాళ ఇక్కడికి వచ్చింది దీని గురించి చెప్పడానికే.

మనకి మాటలు లేకపోవడం అబద్ధం. కావలసినన్ని ఉన్నాయి, పైగా ఒక్కోటి ఒక్కో మనిషి కోసం కుట్టిన చొక్కాలాంటిది. ఆవు తన దూడ మీద చూపేది వాత్సల్యం, ఆ మాటలోనే 'వత్స' ఉంది, అంటే దూడ. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ మీద చూపిస్తారు, చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ మీద చూపించరు. ఆప్యాయతకి మూలమైన సంస్కృత పదానికి అర్థం నిండేలా చేయడం, తృప్తిపరచడం. అందుకే "ఆప్యాయంగా పలకరించారు" అంటే అందులో ఎక్కడో ఒక మంచి భోజనం వినిపిస్తుంది. మమకారం అంటే 'నాది, నాది' అనడం, అమ్మేసిన పొలం మీద కూడా ఉంటుంది. అభిమానంలో సగం గర్వం. "మా మేనల్లుడు" అని చెప్పేటప్పుడు ఛాతీ కొంచెం ముందుకొస్తుంది చూడండి, అది. మోజు వచ్చి పోయేది. హిందుస్తానీ 'మౌజ్' నుంచి మనకొచ్చిన మాట, అరబిక్ మూలంలో దాని అర్థం సముద్రపు అల. మురిపెం చంటిపిల్లలది, గారాబం కొంచెం పెరిగిన పిల్లలది, అది మరీ ఎక్కువైతే చెడిపోతారని పక్కింటివాళ్ళు హెచ్చరిస్తారు. కూరిమి ఇప్పుడు ఎవరూ అనడం లేదు గానీ సుమతీ శతకం చదివిన వాళ్ళందరికీ ఆ మాట తెలుసు. మక్కువ, ఆపేక్ష, నెనరు, వలపు, చెలిమి, వ్యామోహం, చెప్పుకుంటూ పోతే నా ఇరవై నిమిషాలు చాలవు. స్నేహం సంగతి వేరే చెప్పాలి. మన మలయాళీ మిత్రులు 'స్నేహం' అంటే ప్రేమ. గల్ఫ్‌లో ఒక తెలుగబ్బాయి మలయాళీ అమ్మాయితో "మనది స్నేహం మాత్రమే" అని తెలుగులో అంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

మరి ఇన్ని మాటలుండగా ఎదురుగా ఉన్న మనిషితో ఎందుకు అనం? నేను గమనించింది ఒకటి చెప్తాను, మీ ఇళ్ళల్లో సరిచూసుకోండి. తెలుగువాడు ఇష్టాన్ని ఇష్టమైన మనిషికి చెప్పడు, మూడో మనిషికి చెప్తాడు. అమ్మ కూతురితో "నువ్వంటే నాకు ప్రాణం" అనదు. పక్కింటి పిన్నిగారితో "దీనికి నేనంటే ప్రాణం వదినా, నేను తినందే తినదు" అంటుంది. కూతురు అప్పుడు పక్క గదిలో లెక్కలు చేసుకుంటూ ఉంటుంది. వింటుంది. వినాలనే అమ్మ ఆ గొంతుతో చెప్తుంది. నాన్న కొడుకుని ఎదురుగా ఎప్పుడూ మెచ్చుకోడు. కొట్టు దగ్గర నలుగురితో చెప్తాడు, ఆ నలుగురిలో ఒకడు సాయంత్రం కొడుక్కి చేరవేస్తాడు. అలా చేరిన మాటకి విలువ ఎక్కువ. ఎదురుగా అన్నది మొహమాటానికి అన్నదేమో, చాటున అన్నది మాత్రం నిజం.

ఎదురుగా ఉన్నప్పుడు మనం వాడేది పిలుపు. కొడుకుని "నాన్నా" అంటాం, కూతుర్ని "అమ్మా" అంటాం. కన్నా, బుజ్జీ, బంగారం, ఇవన్నీ దాని తరవాతే. నా కింద గదిలో ఉండే సిరియా కుటుంబంలో తండ్రి తన కొడుకునీ కూతుర్నీ కూడా "బాబా" అని పిలుస్తాడు, అంటే నాన్న అని. తల్లి ఇద్దరినీ "మామా" అంటుంది. వాళ్ళు తమ పేరే పిల్లలకి ఇచ్చేస్తారు. మనం పిల్లల్లో మన అమ్మానాన్నల్ని చూసుకుంటాం. లిథువేనియా వాళ్ళు మాట చివర తోక తగిలిస్తారు. కొడుకు 'సూనుస్', ముద్దుగా పిలిస్తే 'సూనేలిస్'. ఆ 'సూనుస్' మన సంస్కృతంలోని 'సూను' అన్న మాటకి అన్నదమ్ముడే.

ఇప్పుడు మన అసలు కష్టం చూడండి. మూడో మనిషికి చెప్పే ప్రేమ మనుషులతో నిండిన ఇంటి కోసం పుట్టింది. పక్క గది ఉండాలి, పక్కింటి పిన్నిగారు ఉండాలి, కొట్టు దగ్గర నలుగురు ఉండాలి. మనం వాటిని వదిలేసి వచ్చాం. షార్జాలో మా ఫ్లాట్‌లో ముగ్గురం ఉంటాం. ఫోన్‌లో ఇద్దరే ఉంటారు, అటు ఒకరు, ఇటు ఒకరు. చాటు లేదు. తణుకులో మా అమ్మ మా పాప గురించి పాలవాడికి కూడా చెప్తుంది. ఫోన్‌లో పాపతో మాత్రం "ఏవే, చిక్కిపోయావేం? జడ సరిగ్గా వేసుకోవేం?" అంటుంది. మా పాప ఒకరోజు నన్ను అడిగింది: "నాన్నా, నాన్నమ్మకి నేనంటే లవ్ లేదా? ఎప్పుడూ తిడుతుందే!"

తొమ్మిదేళ్ళ పిల్ల. బడిలో ఇంగ్లీషు, హిందీ, అరబిక్ చదువుతుంది. అక్కడి ప్రైవేటు బళ్ళలో అరబిక్ తప్పనిసరి. తెలుగు ఇంట్లో విన్నంతే. దాని దగ్గర ఈ విషయానికి ఉన్న మాటలు రెండే, లైక్, లవ్. పిజ్జా అంటే లవ్, పిల్లి అంటే లవ్, నాన్నమ్మ నోట ఆ మాట రాదు కాబట్టి నాన్నమ్మకి లవ్ లేదు. లెక్కలో తప్పు లేదండీ. పట్టికలో గడులే తక్కువ.

ఇదే సంగతిని నాకంటే బాగా చెప్పిన మనిషి ఒకాయన ఉన్నాడు. జగిత్యాల వైపు మనిషి. ఉత్తర తెలంగాణలో ఆ జిల్లాల నుంచి, సిరిసిల్ల, నిజామాబాద్, కరీంనగర్ నుంచి గల్ఫ్‌కి వచ్చిన కూలీలు ఎంతమందో మీకు తెలుసు. సోనాపూర్ అని మేమంతా పిలిచే దుబాయి లేబర్ క్యాంపులు, అబుదాబి ముసఫ్ఫా క్యాంపులు వాళ్ళతో నిండి ఉంటాయి. సెలవు రోజుల్లో మేం కొంతమందిమి అక్కడికి వెళ్తుంటాం, ఫారాలు నింపడం, ఫోన్‌లో యాప్‌లు పెట్టివ్వడం లాంటి చిన్న పనులకి. 2018లో, మళ్ళీ 2024లో వీసా గడువు దాటినవాళ్ళకి ప్రభుత్వం క్షమాభిక్ష ఇచ్చినప్పుడు ఈ పని బాగా ఎక్కువైంది. ఈయన అలాంటి ఇబ్బందేమీ లేనివాడే, కాగితాలన్నీ సక్రమం. భవన నిర్మాణంలో ఇనుప కడ్డీలు కట్టే పని. కూతురు ఏడాది పిల్లగా ఉన్నప్పుడు వచ్చాడు, నేను కలిసేసరికి దానికి ఐదేళ్ళు. మధ్యలో ఒక్కసారే ఇంటికి వెళ్ళాడు.

వీడియో కాల్ పెట్టివ్వమని నా దగ్గరికి వచ్చాడు. పెట్టిచ్చాను. అవతల భార్య పాపని తెర ముందుకి లాగుతోంది. "నాయినరా, మాట్లాడు" అంటోంది. పాప తల్లి కొంగు చాటుకి పోతోంది. రెండు నిమిషాలు అలా గడిచాక ఈయనే పెట్టేశాడు. నాతో అన్నాడు: "ప్రేమ ఉన్నది సార్. చనువు లేదు."

చనువు. ఈ మాటని మా ఆఫీసు పట్టికలో పెడితే ఎన్ని గడులు ఖాళీగా ఉంటాయో నేను చెప్పగలను. లిథువేనియా ఆమెని అడిగాను, వాక్యాలు చెప్పింది, ఒక్క మాట చెప్పలేకపోయింది. ఇంగ్లీషు నిఘంటువు మాటలేవీ దానికి సరిగ్గా అతకవు. అడక్కుండా అవతలి మనిషి కంచంలోంచి అప్పడం తీసుకునే హక్కు పేరు చనువు. ప్రేమ నెల నెలా పంపించొచ్చు, ఎక్స్ఛేంజి కౌంటర్లో రసీదు కూడా ఇస్తారు. చనువు అలా పంపడానికి కుదరదు. అది పక్కన మసలితేనే వస్తుంది.

ఈ కథ అక్కడితో ఆగలేదు. ఆయనే ఒక ఉపాయం కనిపెట్టాడు. భార్యతో చెప్పాడట: "పిల్లను ఫోన్ కాడికి గుంజుకు రాకు. ఫోన్ గోడకు ఆనించి పెట్టి నీ పని నువ్వు చేసుకో." రోజూ రాత్రి ఇక్కడ అనుమతి ఉన్న యాప్‌లో వీడియో పెట్టుకుని ఆయన మంచం మీద పడుకుని చూస్తుంటాడు. అక్కడ ఆమె బియ్యం ఏరుకుంటుంది, పక్కింటావిడ వచ్చి కూర్చుంటుంది, మాట్లాడుకుంటారు. మాటల్లో ఆమె, "ఈ పిల్లంటే వాళ్ళ నాయినకు పానం. పైసలకు చూడకుండ గా బొమ్మ పంపిండు" అని ఆవిడతో చెప్తుంది. పాప నేల మీద ఆడుకుంటూ వింటుంది. కొన్ని వారాల తరవాత ఒక రాత్రి పాప తనంతట తనే ఫోన్ దగ్గరికి వచ్చి, విరిగిపోయిన పలకని తెరకి ఆనించి, "ఇరిగింది" అని చెప్పి వెళ్ళిపోయిందట. ఆ ఒక్క మాట నాకు చెప్పడానికి ఆయన ముసఫ్ఫా నుంచి షార్జాకి ఫోన్ చేశాడు.

ఆయన చేసిందేమిటో గమనించారా? ఇల్లు మళ్ళీ కట్టాడు. పక్క గది, పక్కింటావిడ, చాటుగా వినడం, అన్నీ ఒక గోడకి ఆనించిన ఫోన్‌లో పెట్టాడు. తెలుగు ప్రేమ నడిచే దారి ఏదో ఆయనకి తెలుసు.

ఇందులోంచి నేను నేర్చుకుని ఇంట్లో అమలు చేస్తున్నవి రెండు మీకు మనవి చేస్తాను.

మొదటిది, మూడో మనిషి పని మనం చేయాలి. నాన్నమ్మకీ మనవరాలికీ మధ్య ఉన్నది మనమే. మా అమ్మ నాతో పాప గురించి అన్న ప్రతి మాటనీ ఇప్పుడు నేను పాపకి చేరవేస్తున్నాను. "నాన్నమ్మ పాలబ్బాయికి నీ బొమ్మ చూపించి, నా మనవరాలు అరబ్బీ కూడా రాస్తుంది అని చెప్పిందట" అంటే మా పాప మొహం చూడాలి మీరు. అటు నుంచి ఇటు తేవడమే కాదు, ఇటు నుంచి అటు కూడా. పిల్లలు పెద్దవాళ్ళ గురించి చాటుగా అన్న మంచి మాటలు మన దగ్గరే ఆగిపోతే అవి ఎవరికీ చెందకుండా పోతాయి.

రెండోది, మాటని దాని చోట వాడాలి. "చిక్కిపోయావేం" అంటే అది తిట్టు కాదని, అది ఆపేక్ష అని పాపకి ఆ మాటతోనే చెప్పాను. పిజ్జా మీద ఉన్నది మోజు, పిల్లి మీద ఉన్నది మురిపెం, పాత బడి స్నేహితురాలి మీద ఉన్నది అభిమానం. పిల్లలకి జాబితా ఇచ్చి బట్టీ పట్టించమనడం లేదు. సందర్భం వచ్చినప్పుడు ఒక్క మాట అంటే చాలు, పిల్లలు పట్టేసుకుంటారు. మొన్న మా పాప వాళ్ళమ్మతో అంది: "నాన్నకి ఆ పాత కారు మీద మమకారం అమ్మా, అమ్మడు." సి.పి. బ్రౌన్ దొర 1852లో అచ్చువేయించిన తెలుగు నిఘంటువులో మన మాటలు భద్రంగానే ఉన్నాయి, వాటికేం భయం లేదు. ఏ మాట ఎవరు ఎవరితో అనాలో మాత్రం నిఘంటువు నేర్పదు. అది ఇంట్లో చెవిన పడాల్సిందే.

చివరగా ఆ లిథువేనియా ఆమె చెప్పిన సంగతి ఒకటి. వాళ్ళ దేశాన్ని రష్యా జార్ చక్రవర్తులు ఏలిన రోజుల్లో, 1864 నుంచి 1904 దాకా, నలభై ఏళ్ళు, లిథువేనియన్ భాషని వాళ్ళ లాటిన్ అక్షరాల్లో అచ్చువేయడం నిషేధం. అప్పుడు పక్కనున్న ప్రష్యాలో పుస్తకాలు అచ్చువేయించి, రాత్రిళ్ళు మూటల్లో కట్టుకుని సరిహద్దు దాటించేవాళ్ళు మామూలు రైతులు. దొరికినవాళ్ళని సైబీరియాకి పంపేవారు. వాళ్ళని 'పుస్తకాలు మోసేవాళ్ళు' అని ఇవాళ్టికీ గౌరవంగా తలచుకుంటారు, మార్చి 16న వాళ్ళ పేరు మీద ఒక రోజు కూడా జరుపుకుంటారు. "అందుకే నేను ఒక్క గడి దగ్గర అంతసేపు వాదిస్తాను" అంది ఆమె.

మన భాషని ఎవరూ నిషేధించలేదు. మనని సైబీరియాకి పంపేవాళ్ళూ లేరు. రెండు మాటలు అటు నుంచి ఇటు, రెండు మాటలు ఇటు నుంచి అటు మోస్తే సరిపోతుంది. ఇవాళ ఈ హాల్లోనే మన పెద్దవాళ్ళు ముందు వరసల్లో ఉన్నారు, పిల్లలు వెనక ఉన్నారు, మధ్యలో మనం కూర్చున్నాం. భోజనాల దగ్గర ఒకరి గురించి ఇంకొకరు అన్న మంచి మాట ఏదైనా మీ చెవిన పడితే, దయచేసి దాన్ని అక్కడే వదిలేసి రాకండి.

పిల్లలూ, ఇక వెళ్ళి కంచాలు అందుకోండి. సెలవు.